శివరాత్రి దాకా పాలతో, ఆ తర్వాత నీళ్ళతో: చలి చివర్లో తాగాల్సిన కషాయాలు, ఒంటికి చేసుకోవాల్సినవి

సంక్రాంతి వెళ్ళాక పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున మాత్రం దుప్పటి వదలబుద్ధి కాదు. పెదవులు పగులుతాయి. పిక్క మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంది. పొద్దున లేవగానే గొంతు గరగరలాడుతుంది. మాఘ, ఫాల్గుణ మాసాల శిశిరం తీరే ఇది. ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో ఒకటే పొరపాటు జరుగుతుంది. జలుబు చేస్తుందన్న భయంతో మిరియాలు, శొంఠి, అల్లం, దాల్చినచెక్క అన్నీ కలిపి, నీళ్ళలో నల్లగా మరిగించి, పరగడుపున గ్లాసెడు తాగేస్తారు. నాలుగో రోజుకి కడుపులో మంట, ఐదో రోజుకి నోరెండిపోవడం. ఇక "మాకు కషాయం పడదు" అని డబ్బా మూత పెట్టేస్తారు.

పడనిది కషాయం కాదు, దాన్ని కాచిన పద్ధతి. ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో సూత్రస్థానం ఆరో అధ్యాయం ఋతుచర్య గురించి, అంటే ఏ కాలంలో ఎలా నడుచుకోవాలో చెబుతుంది. శిశిరంలోనూ హేమంతంలో లాగే నడుచుకోమంటూనే, ఈ కాలంలో ఒళ్ళు ఎండిపోయే గుణం ఎక్కువ కాబట్టి కారం, చేదు, వగరు రుచుల్ని, చల్లటి పదార్థాల్ని తగ్గించమంటుంది. మిరియాలు, శొంఠి కారపు రుచివే కదా, మరి వాడొద్దా? వాడాలి. కాకపోతే పాలు, నెయ్యి, బెల్లం, నువ్వులు, వీటిలో ఏదో ఒకటి తోడు లేకుండా వాడకూడదు. ఎంత వేశారన్నదానికంటే దేంట్లో వేశారన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇంకో సంగతి కూడా అదే అధ్యాయంలో ఉంది. చలికాలమంతా పేరుకున్న కఫం వసంతంలో ఎండ వేడికి కరిగి జీర్ణశక్తిని మందగింపజేస్తుంది. అంటే ఇప్పుడు మేలు చేసే పాలు, నెయ్యే ఉగాది నాటికి బరువవుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఇళ్ళలో అనే మాటనే గుర్తుగా పెట్టుకోండి. శివరాత్రి దాకా పాలతో, అక్కణ్ణుంచి మెల్లగా నీళ్ళతో.

సరుకు చూసుకోవడం

మిరియాల పొడి కొనకండి. పొడి చేసిన మిరియాల్లో వాసన నూనె కొద్ది వారాల్లో ఎగిరిపోతుంది, ఘాటు ఒక్కటే మిగులుతుంది. గింజలే తెచ్చుకుని ఏ పూటకాపూట దంచుకోవాలి. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించే మిరియాలు దొరికితే తీసుకోండి, బాగుంటాయి. గుప్పెడు గింజలు నీళ్ళలో వేసి చూడండి. మంచి మిరియం మునుగుతుంది. కల్తీగా కలిపిన బొప్పాయి గింజలు, పొల్లు మిరియాలు తేలతాయి.

పసుపు కొమ్ములు కొని ఆడించుకోగలిగితే అంతకంటే కావాల్సింది లేదు. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్ల పసుపు మన ఊళ్ళలో ఎక్కడైనా దొరుకుతుంది. పొడే కొంటే, గ్లాసు నీళ్ళలో ఒక టీస్పూన్ వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుక్కి దిగి, పైన నీళ్ళు లేత పసుపు రంగులో ఉంటాయి. నీళ్ళన్నీ చిక్కటి పసుపుగానే ఉండిపోతే రంగు కలిపారని అర్థం. ఆ పొట్లం పారేయాల్సిందే, పాలలో వేయకండి.

శొంఠి తెల్లగా మెరుస్తోందని మోసపోవద్దు. చూపుకీ, పురుగు పట్టకుండా ఉండటానికీ సున్నం పట్టిస్తారు. బూడిద ఛాయలో, కాస్త ముడతలతో, విరిస్తే లోపల పీచు కనిపించే కొమ్మే మేలు. తెల్లదే దొరికితే పైపొర చాకుతో గీకేసి, తడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టాలి.

దాల్చినచెక్క పేరుతో కొట్లో అమ్మేది చాలావరకు మందపాటి కాసియా బెరడు. అందులో కూమరిన్ అనే రసాయనం ఎక్కువ, నెలల తరబడి రోజూ తాగితే కాలేయానికి మంచిది కాదు. కాగితంలా పొరలు పొరలుగా చుట్టుకుని ఉండేది అసలు దాల్చిన. అది దొరక్కపోతే దాల్చిన లేకుండానే చేసుకోండి, మన చలికి దాని అవసరం అంతగా లేదు.

మిరియాల పాలు

ఆయుర్వేదంలో పాలలో మందు కాచడానికి క్షీరపాకం అని ఒక లెక్క ఉంది. మందు ఒక వంతైతే పాలు దానికి ఎనిమిది రెట్లు, నీళ్ళు పాలకి నాలుగు రెట్లు పోసి, నీళ్ళన్నీ ఇగిరి పాలు మిగిలేదాకా కాచాలి. ఇంట్లో మనం వేసే మిరియాలు అరగ్రాముకి మించవు కాబట్టి అన్ని నీళ్ళు అక్కర్లేదు, కానీ నీళ్ళు పోయడం మాత్రం మానొద్దు. మిరియాల సారం ముందు నీళ్ళలోకి దిగుతుంది, పాలు అడుగంటవు, ఎక్కువసేపు కాగినా చిక్కబడి బరువెక్కవు.

ఒకరికి కావాల్సినవి: పాలు 200 మి.లీ., నీళ్ళు 100 మి.లీ., మిరియాలు 6 నుంచి 8 గింజలు, పసుపు పావు టీస్పూన్‌కి మించకుండా, ఆవునెయ్యి పావు టీస్పూన్, పటికబెల్లం ఒక టీస్పూన్.

1. మిరియాల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. ఒక్కో గింజ నాలుగైదు ముక్కలైతే చాలు. మెత్తటి పొడి చేస్తే పాలలో పైకి తేలి, తాగేటప్పుడు గొంతులో పట్టి పొలమారుతుంది.
2. మందపాటి గిన్నెలో నెయ్యి వేసి, సన్నసెగ మీద మిరియాలు పది సెకన్లు వేడి చేయండి. చిటపటలాడేదాకా ఉంచొద్దు. పసుపు వేసి ఒక్కసారి తిప్పి, వెంటనే నీళ్ళు పోయండి. పసుపు మాడితే చేదెక్కుతుంది, ఇక దాన్ని బాగుచేయలేం.
3. నీళ్ళు నాలుగు నిమిషాలు మరగనివ్వండి. పచ్చి పసుపు వాసన పోయేది ఇక్కడే. కాచిన పాలలో చివర్న పసుపు చల్లి గరిటెతో తిప్పే వాళ్ళకి ఆ మట్టివాసన పోదు, అడుగున పిండిలా మిగిలిపోతుంది.
4. ముందే ఒకసారి కాచిపెట్టిన పాలు పోసి, సన్నసెగ మీద అయిదారు నిమిషాలు కాగనివ్వండి. మొత్తం గ్లాసు పాలంత మిగలాలి.
5. దించి, వడకట్టి, పటికబెల్లం కలిపి, పెదవి కాలనంత వేడిగా తాగండి.

నెయ్యి రుచి కోసమే కాదు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే వెన్న తీసేసిన పాలతో చేసేవాళ్ళు నెయ్యి తప్పకుండా వేయాలి. మిరియాల్లోని పిపరిన్ కర్క్యుమిన్ ఒంటికి పట్టడాన్ని బాగా పెంచుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. పాలల్లో ఆ రెండిటినీ కలిపి కాచిన ముత్తవ్వల పద్ధతికి ఇదొక అదనపు బలం. అదే పిపరిన్ కొన్ని మందుల్ని కూడా రక్తంలో పెంచుతుంది. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి వాడే థియోఫిల్లిన్ అలాంటివి. రోజూ అలాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుని అడక్కుండా మిరియాల పాలు అలవాటు చేసుకోకూడదు.

పాలు విరగడం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అందరూ పాలనే తప్పుపడతారు. విరగడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి బెల్లం. మరిగే పాలలో వేస్తే దాని పులుపు, లవణాలు పాలని విరిచేస్తాయి. తాటిబెల్లంతో ఇంకా తొందరగా జరుగుతుంది. బెల్లమే కావాలంటే దాన్ని రెండు చెంచాల నీళ్ళలో విడిగా కరిగించి, వడకట్టి, పాలు దించిన మూడు నిమిషాలకి కలపండి. రెండోది పచ్చి అల్లం. అల్లంలో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే ఒక ఎంజైమ్ ఉంటుంది. గోరువెచ్చటి పాలలో పచ్చి అల్లం వేస్తే అది పనిచేయడం మొదలుపెట్టి పాలు తోడుకున్నట్టు గడ్డకడతాయి. అల్లాన్ని ముందు నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు బాగా మరిగిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ తర్వాత పాలు పోసినా ఏమీ కాదు. అల్లం టీ విరిగేదీ ఇందుకే.

ఎప్పుడు తాగాలి? రాత్రి భోజనమైన గంటన్నరకి, పడుకునే ముందు. అన్నం తిన్న వెంటనే తాగితే అరగదు. పెరుగన్నం తిని పైన పాలు తాగడం అసలొద్దు. రాత్రి పెరుగు వద్దని చరకం స్పష్టంగా చెప్పింది. ఈ శిశిరంలో పగటి పెరుగుకి అడ్డులేదు. చలి పోయి వసంతం వచ్చాక పెరుగు మాని మజ్జిగకి మారమంటారు.

ఏది మరిగించాలి, ఏది మూతపెట్టాలి

కషాయం అనగానే అన్నీ ఒక గిన్నెలో వేసి మరిగించడం అలవాటైపోయింది. శొంఠి, పిప్పళ్ళు, ధనియాలు, అతిమధురం గట్టి సరుకులు, వాటి సారం నెమ్మదిగా దిగుతుంది కాబట్టి సన్నసెగ మీద, మూత లేకుండా మరిగించాలి. తులసి, వాము, వామాకుల గుణమంతా వాసనలోనే ఉంది. వాటిని పది నిమిషాలు మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గ్లాసులో మాత్రం వేడినీళ్ళే మిగులుతాయి. వాటికి చేయాల్సింది ఫాంటం. మరిగిన నీళ్ళు పోసి, మూతపెట్టి, ఊరనివ్వడం.

శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథంలో చెప్పిన క్వాథం, అంటే కషాయం లెక్కని ఇంట్లో పట్టుకోవద్దు. ఒక పలం మందుకి పదహారు రెట్లు నీళ్ళు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచమంటుంది ఆ లెక్క. పలం అంటే ఇప్పటి కొలతలో సుమారు 48 గ్రాములు. అది వైద్యుడు రోగిని చూసి ఇచ్చే మోతాదు. ఇంట్లో గ్లాసుకి రెండు మూడు గ్రాముల పొడి దాటకూడదు. 2020లో ఆయుష్ మంత్రిత్వశాఖ చెప్పిన కషాయం కూడా ఇంతే. తులసి నాలుగు భాగాలు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. ఆ పొడి 3 గ్రాములకి 150 మి.లీ. నీళ్ళు.

శొంఠి కాఫీ

పేరులో కాఫీ ఉన్నా కాఫీ గింజ ఉండదు. శొంఠి లేని కషాయం లేదంటారు కానీ దీన్ని రోజూ తాగేలా చేసేది ధనియాలే. శొంఠి వేడినీ మిరియాల పదునునీ అవి తగ్గించి, కడుపులో మంట రాకుండా చూస్తాయి. అందుకే శొంఠికి కనీసం రెట్టింపు ధనియాలు ఉండాలి.

నెలకి సరిపడా పొడికి ధనియాలు 100 గ్రాములు, శొంఠి 40, జీలకర్ర 20, మిరియాలు 15, ఏలకులు పది కాయలు.

శొంఠి కొమ్ముల్ని నేరుగా మిక్సీలో వేయకండి, బ్లేడు పోతుంది. ముందు గుడ్డలో చుట్టి పచ్చడిబండతోనో సుత్తితోనో చితక్కొట్టి, ఒకరోజు ఎండలో పెట్టండి. ధనియాల్ని సన్నసెగ మీద వాసన వచ్చేదాకా మూడు నాలుగు నిమిషాలు వేయించాలి, రంగు మారకూడదు. జీలకర్ర విడిగా ఒక నిమిషం. మిరియాలు వెచ్చబడితే చాలు, ఏలకులు అసలు వేయించక్కర్లేదు. అన్నీ పూర్తిగా చల్లారాక పొడి కొట్టి జల్లించండి. వేడిగా ఉన్నప్పుడే కొడితే లోపల ఆవిరి పట్టి పొడి ఉండ కడుతుంది. జల్లెడలో మిగిలిన శొంఠి పీచు పారేయకండి, స్నానానికి కాచుకునే నీళ్ళలో వేసుకోవచ్చు. పొడిని గాజు సీసాలో గానీ స్టీలు డబ్బాలో గానీ, స్టవ్‌కి దూరంగా పెట్టండి.

కాచే విధానం: 300 మి.లీ. నీళ్ళలో ఒక టీస్పూన్ పొడి వేసి, సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు మరిగించి, 200 మి.లీ.కి దించండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే నలుసు అడుక్కి చేరుతుంది. పల్చటి గుడ్డలో వడకట్టి, ఒక టేబుల్ స్పూన్ తాటిబెల్లం కలపండి. తాటిబెల్లంలో ఇసుక ఉంటుంది, కాబట్టి బెల్లం కరిగాక ఇంకోసారి వడకట్టక తప్పదు. శివరాత్రికి ముందైతే దీంట్లో పావు గ్లాసు వేడిపాలు కలపాలి. పాలు పడనివాళ్ళు పావు టీస్పూన్ నెయ్యి వేసుకోవచ్చు. ఇవేవీ లేకుండా ఉత్తి శొంఠినీళ్ళు ఈ చలిలో రోజూ తాగితే ముందు చెప్పిన నోరెండిపోవడం, మంట మళ్ళీ మొదలవుతాయి.

పొద్దున టిఫిన్ చేశాక గానీ, సాయంత్రం నాలుగైదు గంటలప్పుడు గానీ ఒక గ్లాసు. రోజుకి ఒకటే.

ఈ మసాలా టీలోనే వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. టీ వగరు. శిశిరంలో తగ్గించమన్న మూడు రుచుల్లో వగరొకటి. మానలేకపోతే టీ పొడి సగానికి తగ్గించి, పాలు పెంచి, పైన చెప్పిన పొడి పావు టీస్పూన్ వేసుకోండి.

గొంతు గరగరకి

తులసి ఆకులు పది, వాము అర టీస్పూన్ నలిపి మూత ఉన్న గ్లాసులో వేసి, మరిగిన నీళ్ళు 200 మి.లీ. పోసి, పది నిమిషాలు మూత తీయకండి. తీసేటప్పుడు మూతకి పట్టిన చెమ్మని గ్లాసులోకే విదిలించండి, వాము వాసనంతా అందులోనే ఉంటుంది. వడకట్టి, వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగా అయ్యాక ఒక టీస్పూన్ తేనె కలపండి. వేడివేడి నీళ్ళలో తేనె కలపడాన్ని ఆయుర్వేదం ఒప్పుకోదు, నెయ్యి తేనె సమానంగా కలపడాన్నీ ఒప్పుకోదు. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించవద్దు, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

పిప్పళ్ళ గురించి ఒక్క మాట. చింతపల్లి, పాడేరు మన్యంలో వేరు కోసం పెంచే పిప్పళ్ళ మోడి మంచి సరుకే, దగ్గుకి పేరున్నదే. కానీ అతిగా వాడకూడనివని చరకుడు ప్రత్యేకంగా చెప్పిన మూడింటిలో పిప్పళ్ళు ఒకటి, మిగతా రెండు క్షారం, ఉప్పు. కాబట్టి రోజువారీ కషాయం పొడిలో పిప్పళ్ళు కలపకండి. వైద్యుడు ఇన్ని రోజులని చెబితే అన్నే రోజులు వాడండి.

ఒంటికి నూనె

తాగినవి లోపలికి, పైన ఎండిపోయే చర్మానికి మటుకు నూనే దిక్కు. శిశిరానికి నువ్వుల నూనె, అంటే పప్పునూనె, అన్నిటికంటే తగింది. గానుగలో ఆడించిన లేత బంగారు రంగు నూనె తీసుకోండి. బయటి దేశాల్లో ఉండేవాళ్ళకి దుకాణంలో దొరికే ముదురు గోధుమరంగు నువ్వుల నూనె వేయించిన నువ్వులతో తీసింది, చైనా వంటలకి వాడేది. అది ఒంటికి పనికిరాదు.

తలతో కలిపి పెద్దవాళ్ళకి 40 నుంచి 50 మి.లీ. పడుతుంది. నూనె గిన్నెని స్టవ్ మీద పెట్టకండి. వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో దాన్ని పెట్టి గోరువెచ్చగా చేయండి. ఫ్యాను ఆపి, కిటికీ వేసి, పీటమీద కూర్చుని మొదలుపెట్టాలి. ముందు మాడు మీద, తర్వాత చెవి తమ్మెలు, మెడ. చేతులు, కాళ్ళు పొడుగ్గా పైకీ కిందకీ, కీళ్ళ దగ్గర గుండ్రంగా, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు. చివరికి అరికాళ్ళు. పది పదిహేను నిమిషాలు రుద్ది, మరో ఇరవై నిమిషాలు నాననివ్వండి. లేత ఎండలో కూర్చుంటే ఇంకా మంచిది.

వారానికి రెండుసార్లు ఇలా కుదరకపోతే తల, చెవులు, పాదాలు, ఈ మూడు చోట్లకైనా రోజూ రాసుకోండి. అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథం ప్రత్యేకించి చెప్పింది ఈ మూడింటినే. అదే గ్రంథం వద్దన్న సందర్భాలు కూడా గుర్తుంచుకోవాలి. కఫంతో బాధపడుతున్నప్పుడు, అజీర్తి చేసినప్పుడు అభ్యంగనం చేయకూడదు. జలుబు చేసిందని తలకి నూనె పెట్టి స్నానం చేయిస్తారు చూడండి, అది సరిగ్గా తలకిందులు పని. జలుబు, జ్వరం తగ్గేదాకా ఆగాలి.

నూనె వదలడానికి సబ్బు వాడితే చర్మం మళ్ళీ ఎండిపోతుంది, పడిన శ్రమంతా వృథా. సున్నిపిండి వాడండి. పెసలు అర కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం 100 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, కస్తూరి పసుపు 25 గ్రాములు ఎండబెట్టి, కాస్త గరుకుగా ఆడించుకోవాలి. చాలామంది బావంచాలు కూడా వేస్తారు. అవి పట్టిన చర్మం మీద ఎండ పడితే కమిలి నల్లబడుతుంది, కాబట్టి ఎండలో తిరిగేవాళ్ళు వేసుకోకపోవడమే మంచిది. శివరాత్రి దాకా పిండిని నీళ్ళతో కాకుండా పాలమీగడతోనో గంజితోనో కలపండి.

నీళ్ళు ఒంటికి వేడిగా పోసుకోవచ్చు, తలకి మాత్రం గోరువెచ్చగానే ఉండాలి. వేడినీళ్ళు మెడ కిందికి బలాన్నిస్తాయని, తల మీద పోస్తే జుట్టుకీ కళ్ళకీ చేటని అష్టాంగహృదయం మాట. స్నానాల గదిలో గచ్చు మీద నూనె పడితే పెద్దవాళ్ళు జారి తుంటి విరగ్గొట్టుకుంటారు. ముందే రబ్బరు చాప పరిచి, స్టూలు వేసి కూర్చోబెట్టండి.

ముక్కు, నోరు, మడమలు

ముక్కు లోపలి గోడలు ఎండి, పక్కు కట్టి, చీదితే నెత్తురు జీర కనిపించడం ఈ కాలంలో మామూలే. చిటికెనవేలికి గోరువెచ్చటి ఆవునెయ్యి గానీ నువ్వుల నూనె గానీ అద్దుకుని, పొద్దునా రాత్రీ ముక్కు లోపలి అంచుకి రాసుకుంటే చాలు. చుక్కలుగా వేసి లోపలికి గట్టిగా పీల్చకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పిల్లలకి ఈ పని చేయొద్దు. స్నానం చేసిన వెంటనే, అన్నం తిన్న వెంటనే, జలుబు కారుతున్నప్పుడూ వద్దు.

నోటికి ఒక టేబుల్ స్పూన్ నువ్వుల నూనె, రెండు మూడు నిమిషాలు పుక్కిలించి ఉమ్మేసి, వేడినీళ్ళతో కడుక్కోవాలి, మింగకూడదు. పెదవుల పగుళ్ళకి కూడా ఇది మంచిదంటారు.

మడమలకి తేనెమైనం 10 గ్రాములు, నువ్వుల నూనె 50 మి.లీ. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, డబ్బాలో పోసి గడ్డకట్టనివ్వండి. రాత్రి కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే ఇది రాసి మేజోళ్ళు తొడుక్కోవాలి. ఆరిన మడమకి ఎంత రాసినా పైనే ఉండిపోతుంది.

ఆవిరి పట్టేటప్పుడు గిన్నె స్టవ్ మీంచి దించి, బల్ల మీద కదలకుండా పెట్టి, అయిదు నిమిషాలు మాత్రమే పట్టండి. నీళ్ళలో వాము, పసుపు చాలు. కర్పూరం వేయొద్దు, పిల్లలకి అది విషం. చిన్నపిల్లల్ని దుప్పటి కింద గిన్నె ముందు కూర్చోబెట్టడం వల్ల ఒళ్ళు కాలే ప్రమాదాలు జరుగుతుంటాయి, వాళ్ళకి వేడినీళ్ళ ఆవిరి నిండిన స్నానాల గదిలో కాసేపు ఎత్తుకుని కూర్చుంటే సరిపోతుంది.

ఎవరు ఆగాలి

అల్సర్, ఛాతీలో మంట ఉన్నవాళ్ళు మిరియాలు మూడు గింజలకి తగ్గించి, పాలతోనే తీసుకోవాలి, పరగడుపున తీసుకోవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు పసుపు పాలు రోజూ తాగే ముందు డాక్టరుతో మాట్లాడాలి. బీపీ ఉన్నవాళ్ళు అతిమధురం జోలికి పోవద్దు, అది బీపీని పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది. తాటిబెల్లమైనా, పటికబెల్లమైనా, తేనైనా షుగర్ ఉన్నవాళ్ళకి చక్కెర లెక్కే. గర్భిణులు కూరలో చారులో వేసుకునే మోతాదు దాటకూడదు. మూడు రోజులు దాటిన జ్వరం, ఆయాసం, పిల్లి కూతలు, దగ్గులో నెత్తురు ఉంటే గిన్నె పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళండి.

శివరాత్రి నుంచి ఉగాది దాకా

ఇక్కడ మార్పు ఒక్కరోజులో చేయకూడదు. ఒక ఋతువు చివరి ఏడు రోజులు, తర్వాతి ఋతువు మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అంటారు. పాత అలవాటు కొద్దికొద్దిగా మానుతూ, కొత్తది కొద్దికొద్దిగా మొదలుపెట్టాల్సిన రోజులవి. శివరాత్రి తర్వాత మిరియాల పాలు రోజు విడిచి రోజు తాగండి. పాలు 150 మి.లీ.కి తగ్గించి, నీళ్ళు అంతే పోయండి. శొంఠి కాఫీలో పాలు ఆపేయండి. ఫాల్గుణం సగానికొచ్చాక పాలు పూర్తిగా మాని, అష్టాంగహృదయం వసంతానికి చెప్పిన అల్లం నీళ్ళు, తేనె నీళ్ళకి రండి. అల్లం ముక్క బొటనవేలి కణుపంత చితక్కొట్టి, లీటరు నీళ్ళలో వేసి, పావువంతు ఇగిరేదాకా మరిగించి, రోజంతా గోరువెచ్చగా తాగడమే. ఒంటికి నూనె వారానికి ఒకసారికి దించి, సున్నిపిండి మీగడతో కాకుండా ఉత్త నీళ్ళతో కలిపి గట్టిగా నలుగు పెట్టుకోండి. మధ్యాహ్నం కునుకు మానాలి. ఈ రోజుల్లో పగటినిద్ర కఫాన్ని పెంచుతుంది.

డాలస్‌లోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్ళు ఈ తిథుల్ని కాకుండా ఇంట్లో హీటరుని చూసుకోవాలి. హీటరు నడిచినన్నాళ్ళూ గాలి పొడిబారే ఉంటుంది, కాబట్టి పాలు, నెయ్యి, నూనె కొనసాగించవచ్చు. హీటరు ఆపేసిన వారం నుంచి ఈ తగ్గింపు మొదలుపెట్టండి. పాలు మైక్రోవేవ్‌లో వేడిచేసి పొడి చల్లుకుంటే మాత్రం మిరియం, పసుపు పచ్చిగానే ఉంటాయి, స్టవ్ మీద కాయాల్సిందే.

శిశిరంలో వద్దన్న చేదుకి వసంతంలో తలుపు తెరుచుకుంటుంది, ఉగాది పచ్చడిలో వేపపువ్వు దానికి తొలి ముద్ద. ఆ రోజుకి శొంఠి పొడి డబ్బాలో కొంత మిగిలే ఉంటుంది. పారేయకండి. పల్చటి మజ్జిగలో చిటికెడు ఆ పొడి, కరివేపాకు, ఉప్పు వేసుకుంటే ఎండాకాలం మొదటి నెల మధ్యాహ్నాలకి సరిపోతుంది.